అడ్వాన్సు గుండు

నేను ఫుట్‌బాల్ ఆడి బతుకుతున్నానని తెలిసిన ప్రతివాడూ మొదట అడిగేది ఒకటే: "ఎన్ని గోల్సు వేసినావు?" నేను డిఫెండర్‌ని బాబూ, గోల్సు వేయడం కాదు, పడకుండా చూడటం నా పని అంటే మొహం అదోలా పెట్టి, "ఓహో, వాచ్‌మన్ ఉద్యోగమా!" అంటారు. తిరువళ్ళూరు స్టేషన్ బయట టీకొట్టు దగ్గర ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడూ మండుతుంది, అబద్ధమెందుకు. వాచ్‌మన్‌కు కనీసం ఒక గేటుంటుంది. నాకు ఆ గేటు దగ్గర నిలబడే వంతు కూడా రాలేదు చాలా ఏళ్ళు. గీతకు ఇవతల, రిజర్వు ఆటగాళ్ళ బెంచీ మీద కూర్చుని గడిపాను.

మాది తిరువళ్ళూరు పక్కన పాండూరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా నాయనది గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో పని. చీకటితోనే లేచి రైలెక్కి, మధ్యలో ఇంకో రైలు మారి పోయేవాడు. అమ్మ మా ఊరి తోటల్లో మల్లెమొగ్గలు కోసేది. కోసినవాటిని తడిగుడ్డలో మూటకట్టుకుని తిరుత్తణి పోయేది. అక్కడ కొండ కింద మా బావకు పూలకొట్టు ఉంది. అమ్మా అక్కా ఎదురెదురుగా కూర్చుని మాలలు కడుతుంటే, బావ నిలబడి వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెప్పేవాడు. మా బావ నోరు మూసేది నిద్రలో మాత్రమేనని అక్క అంటుంది. ఆ నిద్రలో కూడా గురక పెడతాడట.

బడిలో నేను అందరికంటే పొడుగు. ఆటల మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు వెనకాల నిలబడు, ఎవడొచ్చినా పోనీయొద్దు" అన్నాడు. అదే నా చదువు, అదే నా ఉద్యోగం. డిఫెండర్ బాగా ఆడితే ఎవరికీ కనపడడు. ఒక్కసారి కాలు తడబడితే మాత్రం ప్రపంచమంతటికీ వాడొక్కడే కనపడతాడు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ రోజు మాస్టారి ముందు కాస్త వంగి నిలబడేవాణ్ణి.

ఇక అమ్మ జడ గురించి చెప్పాలి. అది మోకాళ్ళ దాకా ఉండేది. తలంటుకుని ఎండలో మంచం మీద వెల్లకిలా పడుకుని, జుట్టును మంచం తల వైపు నుంచి కిందికి వదిలేది. అది నేలను తాకకుండా నేను చిన్నప్పుడు చాప పరిచేవాణ్ణి. వీధిలో ఆడవాళ్ళు ఏం నూనె రాస్తావని అడిగితే, "ఏమీ లేదు మా, మా అమ్మ ఇచ్చిన జుట్టు" అనేది. రోజూ పూలతోటే పని కాబట్టి సాయంత్రమయ్యేసరికి ఆ జడలో రెండు మూరల మల్లెలు తప్పకుండా ఉండేవి. నాయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఇంట్లోకొచ్చినానా, తోటలోకొచ్చినానా?" అనేవాడు. రోజూ అదే మాట. రోజూ అమ్మ నవ్వేది.

కేరళలో సముద్రం పక్కన ఒక ఊరి క్లబ్బు నన్ను తీసుకుంది. టీవీలో చూపించే లీగు ఆడే క్లబ్బు. ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజు బావ తన కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పాడు, దేవుడి దర్శనానికి తొందరపడుతున్నవాళ్ళను కూడా ఆపి మరీ. కానీ క్లబ్బులో గోలు ముందు నేను నిలబడే చోటికే నాకంటే ముందు ఇద్దరు సెంటర్ బ్యాకులు ఉన్నారు. ఇద్దరూ గట్టివాళ్ళు. ఇద్దరికీ జలుబు కూడా చేయదు. నేను రోజూ అందరితో పాటే పరిగెత్తేవాణ్ణి, అందరితో పాటే చెమట పట్టేవాణ్ణి, మ్యాచ్ రోజు మాత్రం జెర్సీ మీద రంగు చొక్కా తొడుక్కుని బెంచీ మీద కూర్చునేవాణ్ణి. "నువ్వు రెడీగా ఉండు" అనేవాడు కోచ్. రెడీగానే ఉన్నాను. పెళ్ళిచూపుల కోసం ముస్తాబై గదిలో కూర్చున్న పిల్లలాగా ఉన్నాను, పెళ్ళికొడుకు వస్తేనా!

ఆ సీజన్ చివర్లో ఒక సాయంత్రం మ్యాచ్. ఆట ముగియడానికి ఇంకాస్సేపు ఉంది, మాకు ఒక గోలు ఆధిక్యం ఉంది. దాన్ని కాపాడుకోవడానికి కోచ్ నన్ను పిలిచాడు. రంగు చొక్కా విప్పి పారేశాను. గీత దగ్గర నిలబడ్డాను. అధికారి వచ్చి నా బూట్ల అడుగు చూశాడు. కెమెరావాడు నా మొహం మీదికి వచ్చాడు. బంతి బయటికి పోవడమే తరువాయి, నేను లోపలికి దిగుతాను.

బంతి బయటికి పోలేదు. మా గోల్లోకి పోయింది. స్కోరు సమమైంది. కోచ్ వెనక నుంచి నా జెర్సీ పట్టి లాగాడు. ఇప్పుడు గోలు వేసేవాడు కావాలి, ఆపేవాడు కాదు. నా పక్కనుంచి ఒక స్ట్రైకర్ దూసుకుపోయి దిగాడు. నేను వెనక్కి వచ్చి ఆ రంగు చొక్కా యాడ పడేశానా అని బెంచీ కింద వెతుక్కున్నాను. అది కూడా టీవీలో చూపించారేమోనని ఇప్పటికీ నాకు అనుమానం.

మా కోచ్‌కు ఒక అలవాటు ఉండేది. మ్యాచ్ ముందురోజే అందరి ఫోన్లూ ఒక సంచీలో వేయించుకునేవాడు. ఓడిపోతే మర్నాడు టిఫిన్ అయ్యేదాకా ఇచ్చేవాడు కాదు. ఆ మ్యాచ్ చివరికి ఓడిపోయాం. మర్నాడు ఇడ్లీ తిన్న చేత్తోనే ఫోను తీసుకుని చూస్తే, అక్క పంపిన ఫొటో ఒకటి ఉంది. మూడు గుండ్లు. గంధం పూసుకుని, పచ్చగా మెరుస్తూ మూడు గుండ్లు. ఒకటి నాయనది. ఒకటి బావది. మధ్యలో ఉన్నది ఎవరో మొదట పోల్చుకోలేకపోయాను. ముక్కుపుడక చూసి తెలుసుకున్నాను.

జరిగింది ఇది. నేను క్లబ్బులో చేరిన రోజునే అమ్మ తిరుత్తణి స్వామికి మొక్కుకుంది: కొడుకు టీవీ ఆటలో దిగితే ఇంటిల్లిపాదీ తలనీలాలు ఇస్తామని. మామూలుగా ఆడవాళ్ళు మూడు కత్తెర్లు ఇస్తారు, అక్క కూడా అంతే ఇచ్చింది. అమ్మ అట్లా బేరమాడలేదు, మొత్తం ఇస్తానంది. మొక్కు తీరేదాకా ఎవరికోసం మొక్కుకున్నామో వాళ్ళకు చెప్పకూడదని మావాళ్ళ పట్టింపు. అందుకే నాకు చెప్పలేదు. మ్యాచ్ రోజు కృత్తిక, స్వామి నక్షత్రం. కొండ కింద ఇసుకేస్తే రాలని జనం. బావ తన ఫోనును పూలబుట్టకు ఆనించి పెట్టాడు. నా మొహం, కింద నా పేరు కనపడగానే, "అత్తా! మనోడు దిగినాడు!" అని కేక పెట్టాడు. అమ్మ అక్కడే కర్పూరం వెలిగించింది. బావ టపాకాయలు తేవడానికి పరిగెత్తాడు. కృత్తిక బేరం మీద పడింది. ఆ ఫోను వైపు మళ్ళీ ఎవరూ చూడలేదు. గీత దగ్గర నిలబడ్డవాడు దిగకుండా వెనక్కి రావడం అనేది ఒకటుంటుందని వాళ్ళకు తెలియదు. పెళ్ళిపీటల దాకా వచ్చినవాడు తాళి కట్టకుండా పోతాడా అనుకున్నారు. తెల్లారగానే కొండెక్కారు.

నేను వెంటనే ఫోను చేశాను. దాచే ఆలోచన కూడా రాలేదు, ఆ గుండు చూశాక నోట్లోంచి అదే వచ్చేసింది.

"మా, నేను ఆడలేదు మా. దిగలేదు. గీత దగ్గరికి పిలిచి వెనక్కి పంపేసినారు."

అవతల బావ గొంతు వినపడింది. "ఏందీ! దిగలేదా? అయ్యయ్యో, నా జుట్టు!"

పాపం బావకు జుట్టంటే ప్రాణం. సినిమా హీరోలా పైకి దువ్వి, కొట్టులో పూలకు నీళ్ళు చల్లినప్పుడల్లా చెయ్యి తడిచేసుకుని దాన్ని సర్దుకునేవాడు. అమ్మ ఫోను తీసుకుంది.

"సరిలేరా. ఇచ్చింది వెనక్కి అడుగుతామా? మనం ముందే ఇచ్చేసినాం. ఆయన పాటికి ఆయన ఇస్తాడు. నువ్వు అన్నం తిన్నావా?"

ఇడ్లీ తిన్నానన్నాను. ఫోను పెట్టేసి స్నానాల గదిలోకి పోయి తలుపేసుకున్నాను. ఏడ్చానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఏడ్చాను.

సీజన్ అయిపోయి ఇంటికి వచ్చేసరికి కథ ఊరంతా తెలిసిపోయింది. అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. మొక్కు తీరిందా అని ఎవరడిగినా, "ఇంకా ఆడలేదు, ఆడతాడు. మేము ముందే ఇచ్చేసినాం" అని చెప్పేది. దానికి టీకొట్టువాళ్ళు పేరు పెట్టారు: అడ్వాన్సు గుండు. ఆ పేరు కొన్నాళ్ళకు గుండు వదిలేసి నాకు అంటుకుంది. నేను రైలు దిగి బయటికి రాగానే, "ఏం అడ్వాన్సూ, ఎప్పుడొచ్చినావు?" అనేవాళ్ళు. ఒకసారి ఒకడు నాయన పక్కనుండగానే అన్నాడు. నేను వాడి చొక్కా పట్టుకున్నాను. గ్లాసు కింద పడి టీ అంతా వాడి కాళ్ళ మీద ఒలికింది. నాయన నా చెయ్యి పట్టి మెల్లగా విడిపించాడు. అప్పటికి ఆయనకు జుట్టు మొలుస్తోంది, తెల్లగా, పొట్టిగా.

"వదలరా. తల నాది. వాడు నవ్వుకుంటే నీకేం పోయింది?" అన్నాడు. తర్వాత వాడికి ఇంకో టీ చెప్పాడు. ఆ టీ వచ్చేదాకా నేను అక్కడే నిలబడాల్సి వచ్చింది. భూమి చీలితే అందులో దూరిపోదును.

గుండు గురించి ఇంతే అయితే ఏదోలా మరిచిపోయేవాణ్ణి. జుట్టు మళ్ళీ వస్తుంది కదా. అమ్మకూ వచ్చింది. మునుపటిలా కాదు, పలచగా, నెరుస్తూ వచ్చింది. ముడి వేసుకునేంత అయ్యాక ఒక సాయంత్రం అక్క రెండు మూరల మల్లెలు తుంచి ఆమె తలలో పెట్టబోయింది. అమ్మ తల పక్కకు తిప్పేసుకుంది.

"వద్దు పాపా. మొక్కు లెక్క తేలకుండా ఈ జుట్టుకు సింగారమేంది? వాడు ఆడనీ, అప్పుడు పెట్టుకుంటా."

అంతే, ఇక పూలు పెట్టుకోలేదు. రోజూ పూలు కోసే మనిషి, కట్టే మనిషి, ఊరందరి తలల్లోకీ పూలు పంపే మనిషి, తన తలలోకి ఒక్క మొగ్గ పెట్టుకోలేదు. మా వైపు ముత్తైదువు తలలో పూలు లేకపోతే దానికి ఒకటే అర్థం. కొండ కింద ఎంత జనంలోనైనా మా అమ్మను నేను చిటికెలో కనిపెట్టేవాణ్ణి. అంతమంది ఆడవాళ్ళలో బోసి ముడి ఆమెదొక్కటే. ఆ ముడి కనపడగానే నేను తల దించుకునేవాణ్ణి.

పళ్ళిపట్టులో బంధువుల పెళ్ళికి పోయాం. మండపం గుమ్మంలో గంధం గిన్నె, కలకండ, పూలపళ్ళెం పెట్టుకుని నాయనకు వరసకు చెల్లెలయ్యే ఆవిడ నిలబడి ఉంది. అమ్మ గంధం పూసుకుంది, కలకండ నోట్లో వేసుకుంది, పూలు మాత్రం కళ్ళకద్దుకుని పళ్ళెంలోనే పెట్టేసింది. ఆవిడ చూపు అమ్మ ముడి మీదికి, అక్కడినుంచి మెడలోకి పోయింది. పది మందికీ వినపడేలా అడిగింది.

"ఏం వదినా, పూలు వద్దంటావు? మా అన్న... బాగుండాడు కదా?"

"మీ అన్నకేం మా, రాయి మాదిరి ఉండాడు. అదో చూడు, పంతి దగ్గర సాంబారు రెండోసారి పోయించుకుంటా ఉండాడు" అంది అమ్మ. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నేను బయటికి పోయి బస్టాండు దాకా నడిచాను. తిరుత్తణి బస్సు ఒకటి కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కేద్దామనుకున్నాను. అమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చి, "పాయసం పోస్తా ఉండారు దా" అంది. ఏమీ జరగనట్టు. ఆమె ఒక్కసారి నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. కేరళ క్లబ్బు నన్ను వదిలేసింది. ఈశాన్యంలో కొండల్లో ఒక ఊరి క్లబ్బు తీసుకుంది. అక్కడా నాకంటే ముందు ఒకడు ఉన్నాడు. మధ్యలో మోకాలు దెబ్బతింది, కోలుకున్నాను. జిల్లా లీగుల్లో ఆడాను, కప్పుల ముందు జరిగే స్నేహపూర్వక మ్యాచుల్లో ఆడాను, ఖాళీ స్టేడియాల్లో బాగానే ఆడాను. ఒక మ్యాచ్ మొత్తం ఆడిన వీడియో అమ్మకు పంపించి ఫోను చేశాను.

"చూసినావా మా? మొదటినుంచి చివరిదాకా ఆడినా. ఇంక పూలు పెట్టుకో."

"చూసినా నాయనా. బాగా ఎగిరినావు. అయితే ఇది టీవీలో వచ్చిందా?"

"టీవీలో రాకపోతే ఏం మా? ఆట ఆటే కదా!"

"నేను స్వామికి టీవీ అని చెప్పినాను. ఇప్పుడు మాట మారిస్తే బాగుంటుందా? ఆయన మన జుట్టు తీసుకున్నప్పుడు మాట మార్చినాడా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకూ నీ స్వామికీ ఒక దండం" అని ఫోను పెట్టేశాను. కాసేపయ్యాక మళ్ళీ చేసి, మందులు వేసుకున్నావా అని అడిగాను. వేసుకున్నానంది.

ఇంకొక సంగతి చెప్పాలి. ఎవరైనా ఏమైనా అనుకోండి. నాకంటే ముందున్న ఆ సెంటర్ బ్యాక్ మంచివాడు. నా మోకాలికి ఐసు కట్టింది వాడే, వాళ్ళ అమ్మ పంపిన పచ్చడి నాకు పెట్టింది వాడే. అయినా మ్యాచులో వాడు కిందపడి లేచినప్పుడల్లా నా కళ్ళు వాడి కాలి మీదే ఉండేవి. కుంటుతాడా లేదా అని. కుంటకపోతే లోపల ఎక్కడో నీరసం వచ్చేది. పచ్చడి తిన్న నోటితో వాడి కాలు విరగాలని కోరుకునే స్థితికి దిగజారాను, ఒక ముసలామె ముడిలో పూల కోసం. ఆ బెంచీ మీద నా పక్కన కూర్చున్నవాళ్ళకు ఈ సంగతి తెలిస్తే కాస్త ఎడంగా జరిగి కూర్చునేవాళ్ళు.

చివరికి వాడు పడ్డాడు. సీజన్ ఆఖరి మ్యాచ్, టీవీ ఉంది, స్టేడియం నిండా జనం. రెండో సగంలో ఎవరూ తగలకుండానే తొడ పట్టుకుని కూలిపోయాడు. స్ట్రెచర్ మీద నా ముందునుంచే తీసుకుపోయారు. వాడు మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. నాకు మొదట సంతోషం కలిగింది. జాలి తర్వాత వచ్చింది. ఆ రెంటికీ మధ్య ఉన్న ఎడం చిన్నదే కానీ నాకు బాగా కనపడింది.

ఈసారి జెర్సీ ఎవరూ పట్టి లాగలేదు. దిగాను. పచ్చిక మీద కాలు పెట్టగానే చెవులు మూసుకుపోయినట్టయింది. అమ్మా, చూస్తున్నావా అనుకున్నాను. వచ్చిన మొదటి బంతిని తలతో కొట్టి అవతలికి పంపాను. ఒకడు పక్కనుంచి తప్పించుకోబోతే కాలు జారించి బంతి లాక్కున్నాను. ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడు వీడు అన్నట్టు మా గోల్‌కీపర్ నావైపు బొటనవేలు ఎత్తి చూపించాడు. కాసేపు, చాలా కొద్దిసేపు, నేను నిజంగా ఆటగాణ్ణి.

తర్వాత ఎడమ పక్కనుంచి నేలబారుగా ఒక బంతి వచ్చింది. వదిలేస్తే నా వెనకున్న వాళ్ళ స్ట్రైకర్ గోలు కొడతాడు. కాలు చాచాను. చాచకుండా ఉండలేను, ఆ మాస్టారు ఏనాడో పోనీయొద్దని చెప్పాడు కదా. బంతి నా ముంగాలికి తగిలి దిశ మార్చుకుని, బొటనవేలు చూపించిన ఆ గోల్‌కీపర్ పక్కనుంచే మా వలలో పడింది. ఆ మ్యాచులో పడ్డ గోలు అదొక్కటే. ఓడిపోయాం. అవతలి జట్టువాడు ఒకడు నా వీపు తట్టి నవ్వుతూ ధన్యవాదాలు చెప్పాడు.

మర్నాటికల్లా ఆ ముక్క అందరి ఫోన్లలో తిరిగింది. తమిళంలో దానికి ఎవడో సినిమా డైలాగు తగిలించాడు. పాండూరులో నాతో చదువుకున్నవాళ్ళు కూడా నవ్వే బొమ్మలతో నాకే పంపారు. కొన్నాళ్ళకు క్లబ్బువాళ్ళు వచ్చే ఏడాదికి నేను అక్కరలేదని మర్యాదగా చెప్పారు. నా జీవితంలో టీవీలో ఆడింది అదొక్కటే. గోలు కూడా అదొక్కటే. ఎన్ని గోల్సు వేసినావని అడిగేవాళ్ళకు ఇప్పుడు నా దగ్గర జవాబు ఉంది.

మ్యాచ్ తర్వాత అమ్మ ఫోను ఎత్తలేదు నేను. తీసుకుపోవడానికి సంచీ పట్టిన కోచ్ కూడా లేడు, సాకు చెప్పడానికి. "వస్తున్నాను" అని అక్కకు ఒక్క ముక్క పంపించి రైలెక్కాను. తిరువళ్ళూరులో దిగాలి. టీకొట్టు గుర్తొచ్చింది. రైలు ఆగింది, కదిలింది, నేను దిగలేదు. అరక్కోణం పోయి, అక్కడ మారి తిరుత్తణి చేరాను. ఇక్కడైతే నన్ను ఎవరూ పోల్చుకోరనుకున్నాను. ఇంకో ఆలోచన కూడా ఉంది. కొండెక్కి గుండు గీయించుకుంటే, జుట్టు మొలిచేదాకా అయినా ఈ మొహం మారుతుందని.

మధ్యాహ్నం ఎండ మాడుస్తోంది. టోపీ కళ్ళమీదికి లాక్కుని పూలకొట్ల వరసలో నడిచాను. రోడ్డుకు వీపు పెట్టి కూర్చుని పూలు కట్టే ఆడవాళ్ళు వరసగా ఉన్నారు. బోసి ముడి కోసం చూశాను. కనపడలేదు. అమ్మ ఈ రోజు రాలేదేమో అనుకున్నాను. ఒక రకంగా ఊపిరి పీల్చుకున్నాను కూడా. కొట్టు దాటి ముందుకు పోయాను.

"ఒరేయ్, యాడికిరా పోతావు?"

వెనక్కి తిరిగాను. ఇప్పుడే నేను దాటి వచ్చిన మనిషి. పలచటి నెరిసిన ముడి, దాని చుట్టూ ముడికంటే పెద్దగా మల్లెలు. రెండు మూరలు కాదు, చాలా ఎక్కువే ఉన్నాయి. మా అమ్మను నేను గుర్తుపట్టలేకపోయాను.

బావ లోపలినుంచి, "ఏం బామ్మర్దీ, టోపీ పెట్టుకుంటే మేము కనుక్కోలేమా? నీ పొడుగును యాడ దాచిపెడతావు?" అని కేకేశాడు. జుట్టు పైకి దువ్వుకుని ఉన్నాడు.

నేను వచ్చి అమ్మ ముందు గొంతుక్కూర్చున్నాను. ఆ రోజు ఫోనులో చెప్పినట్టే, ముందూ వెనకా లేకుండా చెప్పేశాను.

"మా, నేను గోలు వేసింది మన పక్కనే. మేము ఓడిపోయింది నావల్లే. నన్ను పంపించేసినారు. ఇంక ఆట లేదు."

"తెలుసు. చూసినా గదా. ఈసారి నేను మధ్యలో లేవలేదు. మీ బావను కూడా లేవనీలేదు. ఈల ఊదేదాకా కూర్చుని చూసినా." ఆమె చేతులు పూలు కడుతూనే ఉన్నాయి. "నువ్వు దిగినావు. దిగినాక నిన్ను వెనక్కి పిలవలేదు."

"ఊరంతా నవ్వుతా ఉంది మా."

"నవ్వనీ. నేను గోలు అడగలేదురా. నువ్వు దిగాలని అడిగినా. ఏ పక్క పోతే ఏంది, నీ కాలికి తగిలే కదా పోయింది!"

బావ ఫక్కున నవ్వాడు. అక్క అతని డొక్కలో పొడిచింది. నేను నవ్వలేకపోయాను. ఊరు నవ్వినందుకు ఇంత దూరం పారిపోయి వచ్చినవాణ్ణి, నా తల్లి అదే ఊళ్ళో, అదే జనం మధ్య ఏళ్ళ తరబడి బోసి తలతో తిరిగిందే, ఒక్కరోజు టోపీ పెట్టుకుందా, కొంగు కప్పుకుందా? నేను ఆడిన ఆటకు సిగ్గుపడటం మానేసి, ఆ సిగ్గుకు సిగ్గుపడ్డాను.

"కొండెక్కి గుండు గీయించుకుని వస్తా" అన్నాను.

"ఎందుకు? అంతా ముందే ఇచ్చేసినాం. ఊరికే జుట్టు పాడుచేసుకోవద్దు." అమ్మ అటు తిరిగి కూర్చుంది. "పొద్దున్నించి వంగి వంగి కడతా ఉంటే పూలు జారినట్టుండాయి. కొంచెం పైకి దోపు."

రైలు మురికి చేతులు మా, కడుక్కోలేదు అన్నాను.

"పరవాలేదు, దోపు" అంది. దోపాను.